ఆటకు ముందు కూడు

నవంబర్ 4, 2018. ఆదివారం

చర్చి నుంచి వచ్చి పేపరు చదివాను. ఐరోపాలో డబ్బున్న ఫుట్‌బాల్ క్లబ్బులు కొన్ని చాటుగా కూడబలుక్కుంటున్నాయట. మిగతా వాటిని వదిలేసి తమకు తామే ఒక లీగ్ పెట్టుకుంటాయట. అందులోకి కొత్తవాళ్ళు రాలేరు. ఉన్నవాళ్ళు ఎంత చెత్తగా ఆడినా బయటికి పోరు. జర్మనీ విలేకరులు ఈ సంగతి బయటపెడితే, క్లబ్బులవాళ్ళు అలాంటిదేమీ లేదన్నారట. అంటే ఉందన్నమాట.

సాయంత్రం కంటోన్మెంట్ దగ్గర నూకయ్య టీ కొట్లో ఇదే మాట. పేర్లే వేరు. భోగాపురంలో విమానాశ్రయం పేరు చెప్పి ఇసుక దిబ్బల్ని గజాల చొప్పున అమ్మిన ప్లాట్ల తాతారావు, తన జట్టును మా ఊళ్ళన్నీ ఏటా ఆడే దొరసాని షీల్డు నుంచి తీసేస్తాడట. ఇంజనీరింగు కాలేజీ జట్టు, పలాస జీడిపప్పు వ్యాపారి జట్టు అతని వెంట నడుస్తాయట. ఎనిమిది జట్లతో 'ఉత్తరాంధ్ర సూపర్ లీగ్'. ఆ ఎనిమిదే, ఎప్పటికీ.

తాతారావు పేపరు చదవడు. ఎవడో చదివి చెప్పి ఉండాలి. ఈ ఊళ్ళో ఇంగ్లీషు పేపరు ఆటల పేజీ చివరి పంక్తి దాకా చదివేవాళ్ళం ఇద్దరమే. ఒకణ్ణి నేను. రెండోవాడు జగన్నాధం, షీల్డు కమిటీ కార్యదర్శి. 1971 ఫైనల్లో లైన్స్‌మన్‌గా నిలబడి, నేను కొట్టిన గోలుకు ఆఫ్‌సైడ్ జెండా ఎత్తిన మహానుభావుడు.

నేనేమీ అనడం లేదు. రాసి పెట్టుకుంటున్నానంతే.

నవంబర్ 6

జగన్నాధానికి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

నవంబర్ 7. దీపావళి

తనే చేశాడు. నిన్న పన్ను పీకించుకున్నానని, నోరు మెదపలేకపోయానని అన్నాడు. ఏ పన్ను అని అడిగాను. తడబడ్డాడు.

ఏసమ్మ విని నవ్వింది. "ఏటండీ, మడిసి పంటి మీద కూడా అనుమానమేనా?"

ఈ ఇంట్లో నలభై ఎనిమిదేళ్ళుగా నా ఆలోచనలకు దొరికిన గౌరవం ఇది.

నవంబర్ 11. ఆదివారం

మిషన్ గ్రౌండ్ మెట్ల మీద మీటింగు. షీల్డు ఆడే ఊళ్ళన్నిటి నుంచీ వచ్చారు. ఆమదాలవలస వాళ్ళు పాసింజరు దిగి వచ్చారు. ఇరవై ఆరేళ్ళు ఆ స్టేషన్ బుకింగ్ కిటికీలో కూర్చుని వీళ్ళ తండ్రులకు టిక్కెట్లు ఇచ్చాను. ఒక్కడూ నన్ను గుర్తుపట్టలేదు.

అరుపులు బాగానే ఉన్నాయి. నూకయ్య కొట్టు కట్టేసి మరీ వచ్చాడు.

"ఎనిమిది జట్లు అటెలిపోతే మిగిల్నోళ్ళం ఏటి సెయ్యాల? ఒకడి మొకం ఒకడు సూసుకోవాలా?"

"ఇన్నాళ్ళూ మన సప్పట్లు కావల్సొచ్చేయి. ఇప్పుడు సప్పట్లు కొట్టడానికి టిక్కెట్టంట!"

"సూపర్ లీగంటే ఏటి బావా?"

"మనం గోడకి ఇవతలుండేది."

నవ్వారు. నవ్వడం వచ్చినంత బాగా వీళ్ళకు ఇంకేదీ రాదు.

మా అన్న కొడుకు పాల్, మిషన్ జట్టు కోచ్, నా పక్కనే కూర్చుని మెల్లగా అన్నాడు: "లైట్లేస్తారట సిన్నాన్నా. గడ్డి పెంచుతారట. ఆడేవోళ్ళకి జీతాలట. అందులో తప్పేటున్నాది?" మా అన్న కూడా ఇంతే. ఎదుటివాడి పెరట్లో మామిడికాయ ఎప్పుడూ తియ్యగా ఉంటుందనేవాడు.

ఎవరో ఓడినోళ్ళ కూడు సంగతి ఎత్తారు. కొత్త లీగులో అదీ ఉండదట. ఆట అయ్యాక గెలిచిన జట్టు ఓడిన జట్టును వరసగా కూర్చోబెట్టి తన చేత్తో వడ్డించడం, అన్నం, చేపల పులుసు, ఓడినవాడు చాలనేదాకా. తాతారావు మనిషి దీన్ని 'అనాగరికం' అన్నాడట. షీల్డు ఇచ్చిన మిషన్ ఆస్పత్రి దొరసాని పెట్టిన నియమాలన్నీ అందరూ మరిచిపోయారు. ఇది ఆవిడ పెట్టింది కాదు, ఊళ్ళు పెట్టుకున్నది, అందుకే మిగిలింది. దానికి రెండో సగం కూడా ఉంది. ఆటకు ముందు అవతలి జట్టు చేతి మెతుకు ముట్టకూడదు. ముట్టినవాడు ఓటమిని ముందే ఒప్పుకుని కూర్చున్నట్టు, ఆట అమ్ముకున్నట్టు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. మా వైపు పుట్టినవాడికి తెలిసే ఉంటుంది.

చివర్లో గంగులు లేచాడు. భోగాపురం దగ్గరి తెప్పలపాలెం జట్టు కెప్టెన్. మూడేళ్ళుగా షీల్డు వాళ్ళదే. వాళ్ళు వస్తేనే తాతారావు లీగుకు విలువ. వాళ్ళు నిలబడితే మిగతా ఊళ్ళు నిలబడతాయి. అందరికీ తెలుసు.

"జట్టు మొత్తానికి రమ్మన్నాడు. పాలెం పేరు తీసీసి కంపినీ పేరు ఎడతానన్నాడు. పేరు తియ్యనన్నాను. అంతే."

కూర్చున్నాడు. మెట్లన్నీ చప్పట్లతో మోగాయి. నేను కొట్టలేదు. అంత పొట్టి మాటలు రెండు రకాల మనుషులే మాట్లాడతారు. నిజం చెప్పేవాళ్ళు, బాగా సాధన చేసినవాళ్ళు.

నవంబర్ 14

బుల్లమ్మ చేపల గంప దించింది. గంగులు తల్లి. ముప్పై ఏళ్ళుగా బుధవారం, శనివారం మా వీధికి వస్తుంది. కవళ్ళ చేపలు తెచ్చింది.

నేను అడగకుండానే మొదలుపెట్టింది. "తాతారావు మళ్ళీ మనిసిని పంపేడు బాబూ. మావోడు గుమ్మంలోకి రానివ్వలేదు. 'మా అయ్య ఈ పేరు మీద ఆడేడు, మా తాత ఈ పేరు మీద ఆడేడు, పేరు తీసీమంటే సొక్కా ఇప్పీమన్నట్టే' అన్నాడు."

"మంచిదే" అన్నాను.

ఆమె వెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. ఒక తల్లి కొడుకు నిజాయితీని ఇల్లిల్లూ తిరిగి ఎందుకు చెప్పాలి? చేపలమ్మేవాళ్ళు కుళ్ళిన గంప మీదే ఎక్కువ నీళ్ళు చల్లుతారు.

నవంబర్ 15

అడగకుండా చెప్పే మాట నిజమైన సందర్భం నాకు గుర్తు లేదు.

నవంబర్ 25. ఆదివారం

కమిటీ తేల్చింది. ఈసారికి షీల్డు అందరూ ఆడతారు, తాతారావు జట్టుతో సహా. ఆ తర్వాత ఎవరి దారి వారిది. జగన్నాధం దీన్ని 'మర్యాదైన వీడ్కోలు' అన్నాడు. ఆ మాట తాతారావు చెప్పినదా, ఇతనిదా అని అడిగాను. పళ్ళు నూరాడు. పన్ను నొప్పి తగ్గినట్టుంది.

డిసెంబర్ 9

మిషన్ జట్టు సెమీస్ గెలిచి ఫైనల్‌కు వెళ్ళింది. పాల్ ఉబ్బిపోతున్నాడు. రెండో సెమీస్ పదిహేనున. తెప్పలపాలెం, తాతారావు జట్టు. అదే అసలు ఫైనల్. పాలెంవాళ్ళు గెలిస్తే తాతారావు లీగు పుట్టకముందే నవ్వులపాలు.

ఓడతారని నా మనసు చెబుతోంది.

డిసెంబర్ 15. శనివారం

జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. రేపు ఎవరైనా మాట మారుస్తారు.

తుఫాను హెచ్చరిక ఉంది. ఆకాశం బూడిద రంగు, గాలి లేదు. అయినా మిషన్ గ్రౌండ్ నిండిపోయింది. ప్రహరీ మీద, వాటర్ ట్యాంకు మీద, ఆటోల మీద జనం. రంగు కాగితాలు కట్టుకుని వచ్చారు. 'మా ఆట మాదే' అని గుడ్డ మీద రాసి గోల్ వెనకాల కట్టారు. చాలా బాగా రాశారు. అలాంటివి రాసేవాళ్ళే ముందు అమ్ముడుపోతారని చరిత్ర చదివినవాడికి తెలుసు.

పాలెంవాళ్ళు ఆలస్యంగా వచ్చారు. లారీ దిగుతుంటేనే కాళ్ళు ఈడ్చుకుంటున్నారు. వాళ్ళు బెంచీ మీద కూలబడగానే, తాతారావు ఏసీ బస్సులోంచి ఒక మనిషి దిగాడు. కేరళ నుంచి జీతం మీద తెచ్చుకున్న గోల్‌కీపరు. చేతిలో తెల్ల కవరు. తిన్నగా గంగులు దగ్గరికి వెళ్ళి ఇచ్చాడు. ఏదో అన్నాడు. గంగులు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అన్నాడు. గంగులు పుచ్చుకున్నాడు. పొట్లం. తినే పొట్లం. అంత దూరం నుంచి కూడా తెలిసింది.

నేను చూశాను. నా కళ్ళు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

ఆట చివరిదాకా గోల్ లేదు. చివర్లో పాలెంకు పెనాల్టీ దొరికింది. గంగులు కొట్టాడు. ఏ రోజూ తప్పని మనిషి, బంతిని కీపరు చేతుల్లోకి ఇచ్చినట్టు కొట్టాడు. ఆ మరునిమిషమే తాతారావు జట్టు గోల్ చేసింది. విజిలు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కమిటీ బల్ల దగ్గర పాల్ చేతిలోంచి మైకు తీసుకున్నాను.

"ఆట మొదలవకముందే పాలెంవాళ్ళకు వడ్డన అయిపోయింది. ఇచ్చినవాణ్ణి చూశాను, పుచ్చుకున్నవాణ్ణి చూశాను."

అంతే అన్నాను. అంతకంటే ఎక్కువ అన్నానని ఎవరైనా అంటే అబద్ధం.

మొదట ఈలలు. తర్వాత ఇసుక. ప్రహరీ మీదివాళ్ళు పిడికిళ్ళతో ఇసుక విసిరారు, నిన్నటిదాకా భుజాల మీద మోసినవాళ్ళే. గంగులు తుడుచుకోకుండా బల్ల దగ్గరికి వచ్చాడు.

"తాతా, నువ్వు సూసేవా?"

"చూశాను."

"నాను తిన్నట్టు సూసేవా?"

"నీ చేతిలో చూశాను."

"సేతిలో" అన్నాడు.

అతని వెనకాల బుల్లమ్మ. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ముప్పై ఏళ్ళు నా సేతి సేప తిన్నావు బాబూ. ముల్లున్న సేపకి ముల్లున్నాదని సెప్పి అమ్మేను."

తాతారావు మనుషులు ఆనవాయితీ ప్రకారం ఆకులు పరిచారు. పాలెంవాళ్ళు కూర్చోలేదు. లారీ ఎక్కి వెళ్ళిపోయారు. ఓడినవాళ్ళు తినకుండా పోవడం షీల్డు చరిత్రలో లేదు. తిన్నవాడికి మళ్ళీ ఆకలి ఎలా వేస్తుంది?

డిసెంబర్ 17

తుఫాను కాకినాడ వైపు పోయింది. మాకు వాన మాత్రమే. ఫైనల్ వాయిదా.

పాల్ తడుస్తూ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సిన్నాన్నా, సీకటి ఉండగా లేసి ఊరు పడవలన్నీ ఒడ్డుకి ఎక్కించేరట. తుపానని. ఒక్కడూ గంజి కూడా తాగలేదు. ఆ కేరళ ఆయన బస్సులోంచి సూసి, పాపం ఆకలి మీదున్నారని రొట్టి తెచ్చి ఇచ్చేడు. మన పద్ధతి ఆయనకేటి తెలుస్తాది? గంగులొద్దన్నాడు. ఆయన మరీ మరీ అంటే మొకమాటానికి పుచ్చుకుని బెంచీ కింద ఎట్టీసేడు."

"ఎవరు చెప్పారు?"

"జగన్నాధం మాస్టారు."

నాకు నవ్వొచ్చింది. ఎక్కడ తిప్పినా తీగ అక్కడికే చేరుతోంది.

"నవ్వుతన్నావా?" అన్నాడు పాల్. వెళ్ళేటప్పుడు ప్రైజు ద లార్డ్ కూడా అనలేదు. అతను లీగుకు వెళ్ళడానికి సాకు వెతుక్కుంటున్నాడు.

డిసెంబర్ 19

జగన్నాధం ఇంటికొచ్చాడు. నలభై ఏడేళ్ళలో మొదటిసారి. గొడుగు బయట పెట్టి, చెప్పులు విప్పి, కుర్చీ చివర కూర్చున్నాడు.

"అబ్రహాం, నీకూ నాకూ ఉన్నది మన మధ్యే ఉండనీ. పాలెం ఎళ్ళి ఒక్క మాట సెప్పి రా. తాతారావు రెండ్రోజులై అక్కడే తిరుగుతన్నాడు. 'మీ ఊళ్ళు మిమ్మల్ని దొంగలన్నాయి, నేను రాజులంటాను' అంటన్నాడు. ముసలోళ్ళు కూడా మెత్తబడిపోయేరు."

"ఏం మాట చెప్పాలి?"

"పొరబడ్డానను."

"పొరబడలేదు కదా."

"పొట్లం ఇప్పలేదురా! ఆటయ్యేక బెంచీ కింద అలాగే ఉన్నాది. నేనే తీసి కుక్కకేసేను."

"సాక్ష్యం కుక్క తినేసిందన్నమాట."

తల పట్టుకున్నాడు. నటన బాగా వచ్చు. "పాలెం పోతే షీల్డు లేదు. మిగతా ఊళ్ళు వాళ్ళెనకే. నువ్వంటేనే వాళ్ళు నమ్మేరు, నువ్వు కాదంటేనే మళ్ళీ నమ్ముతారు. ఇంకెవరెళ్ళినా పనవదు. నాకోసం అడగటం లేదు."

"డెబ్బై ఒకటిలో కూడా నీకోసం ఎత్తలేదా జెండా?"

బతిమాలడానికి వచ్చినవాడు ఆ ఒక్కసారికి అబద్ధమైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"అది ఆఫ్‌సైడేరా" అన్నాడు.

లేచి వెళ్ళిపోయాడు. ఏసమ్మ ఇచ్చిన టీ అలాగే ఉంది.

నలభై ఏడేళ్ళయినా మాట మార్చుకోని మొండివాడు. వీడి మాట నమ్మి నేను నా మాట మార్చుకోవాలట.

డిసెంబర్ 20

ఏసమ్మ మాట్లాడడం లేదు. అన్నం పెడుతోంది.

డిసెంబర్ 23. ఆదివారం

భోగాపురం వైపు వేరే పని ఉంది. ఆర్టీసీ కాంప్లెక్సుకు వెళ్ళి బస్సు ఎక్కాను. కూర్చోవడానికి చోటు లేదు. దిగిపోయాను.

ఇంటికొచ్చి అదే చెప్పాను. "చర్చిల టైములో భోగాపురం బస్సుకి జనమేటి?" అంది ఏసమ్మ. ఐదు రోజుల్లో ఆమె నాతో అన్న మొదటి మాట.

బస్సులో కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీగా ఉంది. వాన జల్లు పడుతోంది. ఈ వయసులో జలుబు చేస్తే ఎవరు చూస్తారు?

డిసెంబర్ 25

పాస్టరు గారు క్రిస్మస్ నాడు కూడా నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించే మాట్లాడారు. నా వైపు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డారో గమనించాను.

డిసెంబర్ 29

పాలెం వెళ్ళమని ఎవరూ మళ్ళీ అడగలేదు. అడిగితే ఆలోచించేవాణ్ణి.

జనవరి 3, 2019

సంతకం పెట్టేశారు. తెప్పలపాలెం తాతారావు లీగులోకి వెళ్ళిపోయింది. పేరు కూడా మార్చేశారు. 'కోస్టల్ కింగ్స్' అట.

నేను చెప్పలేదా! నవంబర్లోనే చెప్పాను. మెట్ల మీద అంతమంది చప్పట్లు కొడుతుంటే చేతులు కట్టుకుని కూర్చున్నది నేనొక్కణ్ణే. అమ్ముడుపోయేవాడు ఎప్పటికైనా అమ్ముడుపోతాడు. కాలమే సాక్షి.

ఈ మాట నూకయ్య కొట్లో అన్నాను. నూకయ్య నా గ్లాసు తీసి కడగడానికి వెళ్ళాడు. టీ ఇంకా సగం ఉంది.

జనవరి 4

ఇంకో రెండు ఊళ్ళు కూడా వెళ్ళాయి. మిగతావి ఈ ఏడాదికి షీల్డు ఆడలేమన్నాయి. తాతారావు జట్టు రానందట, ఫైనల్ ఇక ఆడరట. షీల్డు మిషన్ జట్టుకే ఇచ్చేశారు. పాల్ దాన్ని గోనెసంచిలో చుట్టి చర్చి బీరువాలో పెట్టి తాళం వేశాడు. కమిటీ పుస్తకాలు జగన్నాధం పాస్టరు గారికి అప్పగించాడట. ఎందుకు అంత తొందర?

జనవరి 9

మూడు వారాల తర్వాత బుల్లమ్మ మా వీధికి వచ్చింది. ఎదురింట్లో అమ్మింది, పక్కింట్లో అమ్మింది. మా గుమ్మం దాటిపోతుంటే ఏసమ్మే వెళ్ళి ఆపింది. గంప దించింది. కానాగంత చేపలు. ఎప్పటిలాగే కోసి, కడిగి, గిన్నెలో వేసింది. నేను వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాను.

"పాలెం పేరు తీసేశారట కదా" అన్నాను. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

కత్తి కడుక్కుంది. "తీసీసేరు. దొంగలని పేరడ్డ ఊరి పేరు సొక్కా మీదేటికి బాబూ, వొగ్గీరా అన్నాను. నానే అన్నాను."

నేను పేపరు తిప్పాను.

"ఇరవయ్యారుని మొదటి ఆట. మావోడు నీకు టిక్కెట్టిచ్చి రమ్మన్నాడు. తాత రాకపోతే ఆట ఎవరికి తెలుస్తాదన్నాడు. యెర్రిబాగులోడు." గంప నెత్తికెత్తుకుంది. "నాను తేలేదు. నువ్వు రాకు."

జనవరి 10

టిక్కెట్టు పంపడం ఏమిటి? ఎందుకు? అందులో ఏదో ఉంది. నన్ను అందరి ముందూ కూర్చోబెట్టి అవమానించాలని ఉండొచ్చు. లేదా క్షమించినట్టు కనబడాలని. రెండోది ఇంకా హీనం.

జనవరి 11

యెర్రిబాగులోడు అంది. కొడుకును.

జనవరి 26. శనివారం

ఇంజనీరింగు కాలేజీ వైపు పని ఉండి వెళ్ళాను. లీగు ఆట అక్కడి గ్రౌండులోనే.

ప్రహరీ నిలువెత్తుకు మించి ఉంది. పైన గాజు పెంకులు. గేటు దగ్గర వరస. లోపల లైట్లు పగలే వెలుగుతున్నాయి. గేటు దాటి ముందుకు నడిచాను. గోడ వారన సరుగుడు చెట్ల కింద పది పదిహేను మంది నిలబడి ఉన్నారు, ఆమదాలవలస వాళ్ళు, చీపురుపల్లి వాళ్ళు. టిక్కెట్టు కొననివాళ్ళు. కొనలేకో, కొనకూడదనో. అడగలేదు. వాళ్ళూ నన్ను అడగలేదు. కొంచెం జరిగి చోటిచ్చారు.

లోపల పాటలు. మధ్యమధ్య ఒకేలాంటి చప్పట్లు, మొదలైనంత ఠక్కున ఆగిపోతాయి. రికార్డు. దాని మీద కాలేజీ పిల్లల కేకలు, అవీ ఎవరో చెయ్యి ఊపితే వేస్తున్నవే. చెవులున్నవాడికి తెలుస్తుంది. జీతానికి పెట్టుకున్న ఆటగాళ్ళకు జీతానికి పెట్టుకున్న జనం. ఒక్క గొంతూ నిజం కాదు. ఇంటికి పోయి ఈ మాటే రాయాలనుకున్నాను.

అప్పుడు వినబడింది. పాటల మీద నుంచి, చప్పట్ల మీద నుంచి, మైకు లేకుండా. వీధి ఆ చివర నుంచి ఈ చివరకు చేప పేరు వినిపించే గొంతు.

"ఒరే గంగులూ! ఎడంపక్క! ఎడంపక్కకి కొట్రా నాయినా!"

గోడ ఇవతల అందరం ఒక అడుగు ముందుకు జరిగాం. బంతిని తన్నిన చప్పుడు వచ్చింది. గట్టిగా, శుభ్రంగా. అరవై ఏళ్ళుగా వింటున్న చప్పుడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత లోపల నేల అదిరినట్టు కేక, ఎవరూ చెయ్యి ఊపని కేక.

పక్కన నిలబడ్డ ఆమదాలవలస మనిషి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"గోలేనా తాతా?"

"గోలే."

"ఎవులు కొట్టేరు?"

"నేను చూడలేదు" అన్నాను.